ఈ వారం డాబా ఎక్కండి, పున్నమి దాకా ఆగొద్దు

చందమామను చూడాలంటే పున్నమే మంచిదని చాలామంది అనుకుంటారు గానీ, బైనాక్యులర్ చేతిలో ఉన్నవాళ్లకి అంతకన్నా పనికిరాని రోజు ఇంకోటి లేదు. ఆ రోజు ఎండ చంద్రుడి మీద నిటారుగా పడుతుంది, నీడలుండవు, గుంటలన్నీ సున్నం కొట్టిన గోడలా చదునుగా కనిపిస్తాయి. చూడాల్సింది ఇప్పుడే, అంటే 2026 జనవరి 23 నుంచి 31 దాకా.

23 శుక్రవారం, వసంత పంచమి. చీకటి పడగానే పడమర చూడండి, చంద్రుడికి దగ్గర్లో మిణుకుమనకుండా నిలకడగా వెలిగేది శని. పదింటిలోపే అస్తమిస్తుంది కాబట్టి భోజనాలయ్యాక చూద్దాంలే అంటే కుదరదు. టెలిస్కోపు ఉన్నా ఈసారి వలయాలు సన్నటి గీతలాగే ఉంటాయి. 2025 మార్చిలో అవి మనవైపు అంచు తిప్పాయి, ఇప్పుడిప్పుడే మళ్లీ తెరుచుకుంటున్నాయి.

శనివారం నుంచి అసలు మజా చంద్రుడి మీదే. వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గరే చూపు నిలపండి, పొద్దుటి ఎండలో చెట్టు నీడ సాగినట్టు అక్కడ గుంటల నీడలు పొడుగ్గా పడతాయి. 24న ఆ గీతకి కాస్త ఇవతల, వెలుగు వైపు, థియోఫిలస్ ఉంటుంది, దాదాపు 100 కిలోమీటర్ల గుంట. 26 సోమవారానికి సగం చంద్రుడు. 28న కోపర్నికస్, 93 కిలోమీటర్లు, నాకైతే అన్నిటికన్నా అదే ఇష్టం.

10×50 బైనాక్యులర్ చాలు, అంటే పది రెట్లు దగ్గరగా చూపించేది, ముందు అద్దం 50 మిల్లీమీటర్లు. కాకపోతే చేతులు గాల్లో పెట్టి చూస్తే చందమామ తూనీగలా ఎగురుతుంది, మొదట్లో నేను బైనాక్యులరే పాడైందనుకున్నాను. మోచేతులు పిట్టగోడకి ఆనించండి, లేదా ప్లాస్టిక్ కుర్చీ తిప్పి దాని వీపు మీద పెట్టండి, ఊపిరి కాస్త బిగబట్టండి, అంతే, నిలబడుతుంది.

27 రాత్రి చంద్రుడు కృత్తికల దగ్గరికి వస్తాడు, రాత్రి గడిచేకొద్దీ ఇంకా దగ్గరవుతాడు. వెన్నెల్లో ఆ చుక్కలు మామూలు కంటికి దొరకడం కష్టం, బైనాక్యులర్‌లో దొరుకుతాయి.

గ్రహాలన్నీ ఒకే వరుసలో అని వాట్సాప్‌లో ఏదైనా వస్తే నమ్మి మేలుకోకండి. శుక్రుడు, కుజుడు, బుధుడు ముగ్గురూ ఇప్పుడు సూర్యుడికి అవతల, ఆ వెలుగులో మునిగి ఉన్నారు.

ఇక గురుడు. చీకటి పడేసరికి తూర్పున, ఆకాశంలో చంద్రుడి తర్వాత అంత వెలుగున్నది అదే. పక్కనే పునర్వసు జంట నక్షత్రాలు ఉంటాయి, 30, 31 తేదీల్లో చంద్రుడే పక్కకొచ్చి చూపిస్తాడు. బైనాక్యులర్ కదలకుండా పట్టుకుంటే గురుడికి అటూ ఇటూ ఒకే గీత మీద చిన్న చుక్కలు కనిపిస్తాయి, ఒక్కోసారి నాలుగు, ఒక్కోసారి మూడే. అవి దాని చందమామలు. నోట్‌బుక్‌లో గీసుకోండి, మర్నాడు అదే టైముకి మళ్లీ గీయండి, చుక్కలు చోటు మారి ఉంటాయి. 1610 జనవరిలో గెలీలియో చేసింది ఇదే. లోపలి చందమామ ఐయో ఒక చుట్టు తిరగడానికి దాదాపు 42 గంటలే. పదిన్నర, పదకొండుకల్లా గురుడు నడినెత్తికి వచ్చేస్తాడు, అప్పుడు చూస్తే మెడ పట్టేస్తుంది, ఎనిమిదింటికే కానిచ్చేయండి, ఆలస్యమైతే చాప వేసుకుని వెల్లకిలా పడుకోండి.