విశాఖ ఉక్కపోతలోనూ కళ్ళు పొడిబారతాయి: మీకు రిస్క్ ఎంతో ఇలా చూసుకోండి

"సముద్రం పక్కనే ఉన్నాం, చెమటతో చొక్కా తడిసిపోతోంది, ఇక కళ్ళు పొడిబారడం ఏంటి?" అని వైజాగ్‌లో చాలామంది అంటారు. బయట గాల్లో తేమ ఉన్న మాట నిజమే. కానీ రుషికొండలో ఐటీ ఉద్యోగం చేసేవాళ్ళయినా, ద్వారకానగర్‌లో కోచింగ్‌కి వెళ్ళే పిల్లలయినా రోజులో ఎక్కువసేపు ఉండేది ఏసీ గదిలో, స్క్రీన్ ముందు. ఊరి వాతావరణం చూసి ధీమాగా ఉండొద్దు.

ఇది అరుదైన జబ్బు కాదు. కన్నీటి పొర, కంటి పైపొర మీద పనిచేసే టీఎఫ్‌ఓఎస్ అనే సంస్థ 2017లో ఇచ్చిన అంతర్జాతీయ నివేదిక ప్రకారం ఒక్కో చోట జనాభాలో 5 నుంచి 50 శాతం మందికి ఉంది. కొన్ని సర్వేల్లో లక్షణాలు అడిగి ఊరుకుంటారు, కొన్నిటిలో పరీక్షలు కూడా చేస్తారు, అందుకే అంత తేడా.

ముందు లక్షణాలు. మంట, ఇసుక పడ్డట్టు గరగర, సాయంత్రానికి చూపు మసకబారి రెప్ప ఆడిస్తే మళ్ళీ తేటపడడం. విచిత్రంగా కళ్ళు ఊరికే నీళ్ళు కారడం కూడా ఇందులో భాగమే, ఎందుకంటే ఎండిన కన్ను రేగి ఒక్కసారిగా నీళ్ళు వదులుతుంది, కానీ కన్నీటి పైన ఉండాల్సిన పల్చటి నూనె పొర సరిగా లేకపోతే ఆ నీళ్ళు కంటి మీద నిలవవు.

ఇక రిస్క్. వయసు పెరిగేకొద్దీ పెరుగుతుంది, ఆడవాళ్ళకి, అందులోనూ నెలసరి ఆగిపోయాక మరీ ఎక్కువ, అమ్మ "కళ్ళు మండుతున్నాయిరా" అంటే సీరియళ్ళు ఎక్కువ చూస్తున్నావని కొట్టిపారేయకండి. కాంటాక్ట్ లెన్సులు, లేసిక్ ఆపరేషన్, షుగర్, థైరాయిడ్, కీళ్ళవాతం కూడా కారణాలే. నోరు కూడా ఎండిపోతుంటే షోగ్రెన్ అనే జబ్బేమో (మన రోగనిరోధక శక్తే కన్నీటి, లాలాజల గ్రంథుల్ని దెబ్బతీసేది) డాక్టర్‌ని అడగండి. మందుల సంగతి ఎవరికీ తట్టదు: ఎలర్జీకి రోజూ వేసుకునే సెట్రిజిన్ లాంటివి, డిప్రెషన్‌కి వాడే కొన్ని మాత్రలు, మొటిమలకి ఇచ్చే ఐసోట్రెటినోయిన్. అలాగని సొంతంగా మానేయొద్దు, రాసిన డాక్టర్‌కి చెప్పండి.

మామూలుగా నిమిషానికి 15 సార్లకు పైగా రెప్ప వాలుస్తాం, స్క్రీన్ చూస్తుంటే అది సగానికి పైగా పడిపోతుంది, వాల్చినా చాలాసార్లు పూర్తిగా మూసుకోదు. అందుకే 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరం చూస్తూ 20 సెకన్లు ఆగండి, ఆగినప్పుడు రెప్పలు పూర్తిగా మూసి తెరవండి. మానిటర్ కళ్ళకంటే కాస్త కిందకి ఉంటే కన్ను తక్కువ తెరుచుకుంటుంది, కన్నీళ్ళు అంత త్వరగా ఆరిపోవు. ఏసీ గాలి మొహానికి కొడుతోందా? సీటు మార్చమని అడగడానికి మొహమాటపడొద్దు. బీచ్ రోడ్డులో బండి మీద వెళ్తే, పోర్టు వైపు దుమ్ములో తిరిగితే హెల్మెట్ అద్దం కిందకి దించుకోండి.

రెప్పల అంచున ఆ నూనె పొరని ఇచ్చే గ్రంథులు మూసుకుపోవడం చాలామందిలో అసలు కారణం. శుభ్రమైన బట్టని గోరువెచ్చని నీళ్ళలో ముంచి పిండి, మూసిన కళ్ళ మీద 5 నుంచి 10 నిమిషాలు పెట్టండి, చల్లారితే మళ్ళీ ముంచండి, తర్వాత పై రెప్పని కిందకి, కింది రెప్పని పైకి వేలితో మెల్లగా రుద్దండి. ఒక్క రోజుతో ఏమీ తెలియదు, కొన్ని వారాలు రోజూ చేయాలి.

నాకు అన్నిటికంటే భయం మెడికల్ షాపులో "ఎర్రగా ఉంది, ఏదైనా చుక్కలు ఇవ్వండి" అని కొనడం. అందులో స్టెరాయిడ్ ఉంటే రెండు రోజులు హాయిగా ఉంటుంది, అలాగే వాడుతూ పోతే గ్లకోమా (కంటి నరం దెబ్బతిని చూపు పోయే జబ్బు), శుక్లాలు రావచ్చు. కన్నీళ్ళ బదులు వాడే లూబ్రికెంట్ చుక్కలు వేరు. అవి కూడా రోజుకి నాలుగుసార్లకంటే ఎక్కువ కావాల్సి వస్తే ప్రిజర్వేటివ్ (చుక్కలు పాడవకుండా కలిపే రసాయనం) లేనివి అడగండి.

వారాలు గడిచినా తగ్గకపోతే హనుమంతవాకలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది, ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. కింది రెప్పలో చిన్న కాగితం ముక్క పెట్టి 5 నిమిషాల్లో ఎంత తడిసిందో చూస్తారు, భయపడాల్సిందేమీ లేదు. వాడే మందుల స్ట్రిప్పులన్నీ వెంట తీసుకెళ్ళండి. తీవ్రమైన నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు తగ్గడం ఉంటే, లేదా లెన్స్ పెట్టుకునేవాళ్ళకి కన్ను ఎర్రబడితే, లెన్స్ తీసేసి ఆ రోజే వెళ్ళండి.