కడప ఎండకు, కరెంటుకు తట్టుకునే గేమింగ్ సిస్టం

పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడం నా పని. స్టూడియోలో ఉన్న సిస్టంలన్నీ నేను బిగించుకున్నవే కాబట్టి, చుట్టుపక్కల ఇంటర్, ఇంజినీరింగ్ పిల్లలు ఫోన్‌లో ఏదో ఒక గ్రాఫిక్స్ కార్డు బొమ్మ పట్టుకుని వస్తుంటారు. "అన్నా, ఇది తీసుకోనా?" అంటారు. "నీ మానిటర్ ఏంది? ఎస్‌ఎంపీఎస్ ఏంది? సీపీయూ ఇంట్లో యాడ పెడతావు?" అని నేను అడుగుతా. ఈ మూడింటికీ జవాబు వచ్చాకే కార్డు పేరు ఎత్తాలి. ఎస్‌ఎంపీఎస్ అంటే సిస్టంలోని భాగాలన్నిటికీ కరెంటు అందించే పెట్టె.

మానిటర్ సంగతి తొందరగా తేలిపోతుంది. 1080పి తెర మీద దాదాపు 20 లక్షల చుక్కలుంటాయి, 1440పిలో 37 లక్షలు, 4కేలో 83 లక్షలు. కార్డు ప్రతి ఫ్రేముకూ, అంటే తెర మీద మారే ఒక్కో బొమ్మకూ, వీటన్నిటినీ నింపాలి. ఇంట్లో పాత 60 హెర్ట్జ్ 1080పి మానిటర్ ఉంటే, సెకనుకు 150 ఫ్రేములు తీసే కార్డు కొన్నా తెర చూపించేది 60 మాత్రమే. అలాంటప్పుడు కార్డులో ఒక మెట్టు తగ్గి, మిగిలిన డబ్బుతో 144 హెర్ట్జ్ మానిటర్ తెచ్చుకోవడం మేలు. వాలరెంట్ లాంటి తేలిక షూటింగ్ ఆటలే ఆడేవాళ్లకు కార్డు కంటే ప్రాసెసర్ ముఖ్యం.

కార్డు మెమరీ విషయంలో మాత్రం నేను కొంచెం మొండివాణ్ణి. 1080పికి 8 జీబీ ఇప్పటికి నడుస్తుంది, కానీ కొత్తగా వస్తున్న పెద్ద ఆటలు కొన్ని దాన్ని నింపేస్తున్నాయి. నాలుగైదేళ్లు వాడాలంటే 12 లేదా 16 జీబీ చూసుకోండి. ఇక్కడ పేర్లతో జాగ్రత్త. ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ రెండూ 8 జీబీలోనూ 16 జీబీలోనూ అదే పేరుతో వస్తాయి. ఆర్‌టీఎక్స్ 3060లో 12 జీబీ ఉంది, 8 జీబీ కూడా ఉంది. రెండోదానిలో మెమరీ దారి కూడా ఇరుకు: 192 బిట్లకు బదులు 128. షాపులో "3060 అంటే 3060నే సార్" అని చెప్పినా నమ్మకుండా డబ్బా మీద జీబీ చదవండి. ధరలు నేను రాయను, మీరు చదివేలోపు మారిపోతాయి.

ఇక ఎస్‌ఎంపీఎస్. మన దగ్గర ఎక్కువమంది డబ్బు మిగుల్చుకునేది ఇక్కడే. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్ మీద 450 వాట్స్ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. దాన్ని చూడొద్దు. పక్కనున్న పట్టీలో 12 వోల్టుల గడి కింద ఎన్ని ఆంపియర్లు రాశారో చూసి, 12తో గుణించండి. కార్డుకూ ప్రాసెసర్‌కూ అందే కరెంటు దాదాపు అంతా ఆ లైను నుంచే. అక్కడ 18 ఆంపియర్లని ఉంటే చేతికొచ్చేది 216 వాట్లే, పేరు 450 అయినా సరే. మంచి 550 వాట్ల యూనిట్‌లో అదే లెక్క 500 దాటుతుంది.

మీకెంత కావాలో కూడా అంతే తేలిగ్గా లెక్కేసుకోవచ్చు. ఆర్‌టీఎక్స్ 4060 తినేది 115 వాట్లు, ఆర్‌ఎక్స్ 6600 132, ఆర్‌టీఎక్స్ 3060 170, ఇంటెల్ ఆర్క్ బీ580 190. దానికి ప్రాసెసర్‌ది ఒక 90, ఫ్యాన్లు, ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే డ్రైవ్), మదర్‌బోర్డు కలిపి ఒక 60 చేర్చి, వచ్చిన మొత్తానికి ఒకటిన్నర రెట్లు పైగా ఉండేట్టు తీసుకోండి. 4060కి 450 సరిపోతుంది, నేనైతే 550 పెడతా. మదర్‌బోర్డు స్లాట్ ఇచ్చేది 75 వాట్లే కాబట్టి అంతకు మించిన కార్డుకు విడిగా కేబుల్ రావాలి. 8 పిన్నుల కేబుల్ 150 వాట్ల దాకా ఇస్తుంది. ప్రాసెసర్ కేబుల్ కూడా 8 పిన్నులదే, చూడటానికి ఒకేలా ఉంటుంది. నాలుగూ నాలుగుగా చీలేది ప్రాసెసర్‌ది, ఆరూ రెండుగా చీలేది కార్డుది. కేబుళ్లు ఊడొచ్చే మోడల్ అయితే వేరే కంపెనీ యూనిట్ కేబుళ్లు ఎప్పుడూ గుచ్చొద్దు. అవతలి చివర పిన్నుల వరస వేరుగా ఉంటుంది, ఎస్‌ఎస్‌డీ నుంచి బోర్డు దాకా ఏదైనా కాలిపోవచ్చు.

ఎండాకాలంలో కరెంటు పోతుందని గేమింగ్ సిస్టంను ఇంటి ఇన్వర్టర్ లైనుకు కలిపేస్తారు. వద్దు. ఫ్యాన్లు, లైట్ల కోసం పెట్టిన స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్‌తో మంచి ఎస్‌ఎంపీఎస్‌లకు పడదు. విడిగా యూపీఎస్ తీసుకోండి, అదీ లైను కరెంటులాగే నున్నటి అలతో ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్ అయితే నయం. 600 వీఏ అని రాసి ఉన్నవి మామూలుగా ఇచ్చేది 360 వాట్లే. ఆట సేవ్ చేసి సిస్టం ఆపేయడానికి అది చాలు, ఆట కొనసాగించడానికి కాదు. క్యాబినెట్ ముట్టుకుంటే చేతికి జిమ్మంటే ఎర్తింగ్ లేనట్టు. మే నెలలో ఎర్త్ గుంత ఎండిపోతుంది, నీళ్లు పోయించండి. అయినా జిమ్మంటే ఎలక్ట్రీషియన్‌ను పిలవాల్సిందే.

వేడి మాట. యూట్యూబ్‌లో కార్డు 65 డిగ్రీలు దాటలేదని చూపించేవాళ్లు ఏసీ గదిలో కూర్చుని ఉంటారు. కార్డు వేడి గది వేడి మీద ఆధారపడి పెరుగుతుంది. గది 22 దగ్గర 65 ఉన్న కార్డు, మన మిద్దె గదిలో 37 ఉన్నప్పుడు 80 దగ్గర తిరుగుతుంది. అందుకే ఒకే ఫ్యాన్ ఉన్న చిన్న మోడల్ చవకగా వస్తున్నా వదిలేసి, అదే కార్డులో రెండు ఫ్యాన్లది తీసుకోండి. క్యాబినెట్ ముందు భాగం అద్దం కాకుండా జాలీ ఉండాలి. ముందు రెండు ఫ్యాన్లు గాలి లోపలికి, వెనక ఒకటి బయటికి. రంగు లైట్ల ఫ్యాన్లకు పెట్టే డబ్బుతో ఎస్‌ఎంపీఎస్ ఒక మెట్టు పెంచుకోవచ్చు, కానీ ఈ మాట పిల్లలు వినరు.

మన ఇళ్లలో ఇంకో అలవాటుంది: గోడలో కడప బండలతో కట్టిన అరలోకి సీపీయూను తోసేయడం. మూడు వైపులా మూసుకుపోయి, వెనక నుంచి వచ్చిన వేడి గాలే ముందు నుంచి మళ్లీ లోపలికి పోతుంది. బయట బల్ల మీద, గోడకు జానెడు ఎడంగా పెట్టండి. ఎయిర్ కూలర్‌ను మాత్రం దాని మీదికి తిప్పొద్దు, ఆ తడి గాలికి దుమ్ము ముద్దకట్టి ఫ్యాన్లకు అంటుకుంటుంది. ఆట సెట్టింగ్స్‌లో ఫ్రేములను మానిటర్ హెర్ట్జ్ దగ్గర ఆపేస్తే కార్డు వేడి బాగా తగ్గుతుంది, పైసా ఖర్చు లేదు.

బోర్డు, ప్రాసెసర్ జత కలపడం అనుకున్నంత కష్టం కాదు. ప్రాసెసర్ కూర్చునే సాకెట్ పేరు, ర్యామ్ రకం కలిస్తే చాలు. రైజెన్ 5 5600కి ఏఎం4 బోర్డు, డీడీఆర్4 ర్యామ్. రైజెన్ 5 7600కి ఏఎం5 బోర్డు, డీడీఆర్5 మాత్రమే. ఐ5-12400ఎఫ్‌కు ఎల్‌జీఏ1700 బోర్డు, అందులో రెండు రకాల ర్యామ్‌కూ వేర్వేరు బోర్డులుంటాయి. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ లేనట్టే. హెచ్‌డీఎంఐ కేబుల్‌ను బోర్డుకు గుచ్చి, తెర నల్లగా ఉందని రాత్రిపూట ఫోన్ చేసేవాళ్లు నాకు చాలామంది. కార్డుకే గుచ్చాలి. ర్యామ్ 16 జీబీ ఒకే ముక్కగా కాకుండా 8 జీబీవి రెండు వేయండి.

పాత సిస్టంలో కొత్త కార్డు వేసేవాళ్లు ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ జోలికి పోవద్దు. అది స్లాట్‌లో నాలుగు లేన్లే (డేటా దారులు) వాడుతుంది, పీసీఐఈ 3.0 అనే పాతతరం స్లాట్ ఉన్న బోర్డులో ఇంకా నీరసపడుతుంది. ఆర్క్ కార్డుకు బోర్డులో రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్నీ ప్రాసెసర్ ఒకేసారి అందుకునే సెట్టింగ్) తప్పనిసరి. సెకండ్ హ్యాండ్ ఆఫీసు సిస్టం కొన్నవాళ్లకు, ఎస్‌ఎంపీఎస్ నుంచి కార్డుకు విడి కేబుల్ లేనప్పుడు, స్లాట్ కరెంటుతోనే నడిచే 70 వాట్ల ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ సరైనది. సన్నటి క్యాబినెట్‌కు పొట్టి మోడల్ ఉందేమో చూడండి. ఏ కార్డైనా పొడవు మిల్లీమీటర్లలో చూసి, టేపుతో క్యాబినెట్ లోపల కొలవాల్సిందే.

కొనడానికి కంప్యూటర్ బజార్లు చెన్నై రిచీ స్ట్రీట్, బెంగళూరు ఎస్‌పీ రోడ్, సికింద్రాబాద్ సీటీసీ, మూడూ మనకు రాత్రి ప్రయాణమే. ప్రాసెసర్, ర్యామ్ ఎక్కడ కొన్నా ఒకటే. కార్డు, ఎస్‌ఎంపీఎస్ మాత్రం తేడా వెయ్యీ రెండువేలే అయితే కడపలోనే కొంటా. పాడైతే డబ్బా మోసుకుని రైలెక్కే పని ఉండదు. ఎక్కడ కొన్నా సీరియల్ నంబర్ వేసిన జీఎస్టీ బిల్లు తీసుకోండి. పాత కార్డు కొంటుంటే అమ్మేవాళ్ల ఇంట్లోనే నడిపించి, కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్ తెరిచి చూడండి. పేరు ముందు ఫేక్ అని వస్తే కార్డు లోపలి బయోస్ (కార్డు తన పేరు చెప్పుకునే ప్రోగ్రాం) మార్చి అమ్ముతున్నట్టు. అది బాగుంటే అరగంట ఏదైనా పెద్ద ఆట నడపండి. ఫ్యాన్ గరగరమన్నా, తెర మీద రంగు చుక్కలు మెరిసినా, బేరం ఎంత తగ్గించినా డబ్బు ఇవ్వకండి.