చలా, వేడా, తేమా? చైనా వైద్యంలో జబ్బు కారణం పట్టుకోవడం ఎలా

బయటి నుంచి ఒంట్లోకి చొరబడే కారణాలను చైనా సంప్రదాయ వైద్యం ఆరుగా చెబుతుంది: గాలి, చలి, వడ (వేసవి ఎండ వేడి), తేమ, పొడి, అగ్ని (వేడి ముదిరితే ఇదే). కలిపి లియు యిన్ అంటారు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ముందు క్యాలెండర్ చూసి, చలికాలం కాబట్టి చలి అని తేల్చేస్తారు. అలా చేయొద్దు. ఒకే వానలో తడిసిన ఇద్దరిలో ఒకరికి చలి పట్టొచ్చు, ఇంకొకరికి వేడి చేయొచ్చు. ఒంట్లో కనిపించే లక్షణాలను బట్టే కారణం ఏమిటో తేల్చాలి.

పడిశం, జ్వరంతో ఎవరైనా వస్తే నేను మొదట అడిగేది ఒక్కటే: చలి ఎక్కువగా ఉందా, జ్వరం ఎక్కువగా ఉందా? రెండు దుప్పట్లు కప్పుకున్నా వణుకు తగ్గక, చెమట పట్టక, మెడ పట్టేసి, ముక్కు నీళ్లలా కారుతుంటే అది గాలితో కలిసిన చలి. గొంతు మండుతూ, దాహం వేస్తూ, చీమిడి పచ్చగా చిక్కగా వస్తుంటే గాలితో కలిసిన వేడి. గాలి ఒంటరిగా రావడం తక్కువ, మిగతావాటిని వెంటబెట్టుకుని వస్తుంది. మెడ వెనక, పుర్రె అంచు కింద రెండు వైపులా గుంటలు ఉంటాయి కదా, గాలి లోపలికి చొరబడే చోట్లని చెప్పే ఫెంగ్‌చీ అనే ఆక్యుపంక్చర్ బిందువులు అక్కడే. చలిగాలిలో మెడ కప్పుకోమని అంతగా చెప్పేది అందుకే.

ఈ తేడా పట్టుకోకపోతే వైద్యం తలకిందులవుతుంది. చలికి అల్లం, ఉల్లికాడల తెల్లటి మొదళ్లు మరిగించి తాగించి, కాస్త చెమట పట్టేలా దుప్పటి కప్పుతారు. వేడి చేసినవాళ్లకు అదే అల్లం ఇస్తే గొంతు మంట ఇంకా పెరుగుతుందంటారు. వాళ్లకు హనీసకిల్ మొగ్గలు, ఫోర్సిథియా కాయలు కలిసిన యిన్ చియావో మందు వాడతారు. 1798 నాటి వూ జుతోంగ్ అనే వైద్యుడి గ్రంథంలో అది ఉంది.

తర్వాత నాలుక. పొద్దున్నే బ్రష్ చేయకముందు, ఏమీ తినకముందు, కిటికీ వెలుతురులో చూడండి. ట్యూబ్‌లైట్ కింద రంగు సరిగ్గా తెలీదు. కాఫీ తాగితే పాచి రంగు మారిపోతుంది. ఎక్కువసేపు చాపి ఉంచినా నాలుక ఎర్రబడుతుంది, అందుకని చూసి వెంటనే లోపలికి తీసుకోమనాలి. పలచటి తెల్లపాచి చలికి గుర్తు, పసుపు పాచి వేడికి. మందంగా, జిగటగా ఉంటే తేమ.

తేమ గురించి నాకు బాగా అర్థమైంది గ్వాంగ్‌జౌలో చదువుకునేటప్పుడు. వసంతంలో అక్కడ హుయ్ నాన్ టియాన్ అనే కాలం వస్తుంది. గోడలకు చెమట పడుతుంది, మెట్లు తడిసి జారతాయి, ఉతికిన బట్టలు ఎంతకీ ఆరవు. అప్పుడు వచ్చే రోగుల మాటలు ఇంచుమించు ఒకేలా ఉండేవి: తలకు తడిగుడ్డ చుట్టినట్టు ఉంది, కాళ్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నాను, విరేచనం జిగటగా అవుతోంది. తేమ కిందికి దిగుతుంది, ఓ పట్టాన వదలదు. కీళ్ల నొప్పులకూ ఇలాంటి ప్రశ్నలే వేయాలి. నొప్పి చోటు మారుతుంటే గాలి. ఒకేచోట పొడుస్తూ, వేడి కాపడంతో తగ్గితే చలి. బరువుగా, వాచినట్టు ఉంటే తేమ.

మిగతావి తేలిక. పొడి శరదృతువులో ఎక్కువ: పెదాలు పగలడం, కఫం లేని దగ్గు. కళ్లు ఎర్రబడటం, నోటిపుండ్లు అగ్నికి గుర్తులు. వడ ఒక్కటే నిజంగా క్యాలెండర్‌కు కట్టుబడింది, వేసవిలో తప్ప రాదు.

ఇంకో సంగతి మర్చిపోవద్దు. ఇంట్లో అందరికీ ఒకేసారి ఒకే లక్షణాలు వస్తే ఈ ఆరింటినీ పక్కన పెట్టండి. చైనాలో మహమ్మారి చూసిన వూ యౌషింగ్ అనే వైద్యుడు 1642లోనే రాశాడు, అలాంటి జబ్బు గాలీ చలీ వల్ల రాదని, దానికి కారణం వేరే ఉందని, అది ముక్కు, నోటి ద్వారా లోపలికి వస్తుందని. అప్పుడు రోగిని విడిగా ఉంచి డాక్టరుకు చూపించండి. ఆయాసం వచ్చినా, జ్వరం దిగకపోయినా, జబ్బు ఇంట్లో ఒక్కరికే వచ్చినా సరే, నాలుక చూస్తూ కూర్చోకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.