ఒళ్లంతా మాడ్స్ చేయించిన కారు నుజ్జయ్యాక ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఎలా నడపాలి

నా పోలో కారు పోయిన వానాకాలం హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద కీసర ఎగ్జిట్ దాటాక నిలిచిన నీళ్ల మీద జారి ముందు రెయిలింగ్‌కి గుద్దుకుని, అక్కడితో ఆగకుండా గిర్రున తిరిగి వెనక భాగం కూడా వాయించుకుంది. నాకు మెడ పట్టేయడం తప్ప ఏం కాలేదు, పక్కన ఎవరూ లేరు, ఇంకో బండికి తగల్లేదు, అంతవరకు అదృష్టం. ఇక బండి మీద మాడ్స్, అంటే బయట చేయించిన మార్పులు, చెప్పాలంటే స్టేజ్ 2 రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ ప్రోగ్రాం మార్చి పవర్ పెంచడం), పొగ గొట్టం వైపు డౌన్‌పైప్, ఇంజిన్‌కి గాలి వెళ్లే ఇన్‌టేక్, సస్పెన్షన్ ఎత్తు మార్చే కాయిలోవర్స్, 17 అంగుళాల అల్లాయ్స్, వెనక డిక్కీలో ఆంప్లిఫయర్, సబ్‌వూఫర్, ఆర్‌సీలో ఎరుపు అని ఉంటే బయట బూడిద రంగు ర్యాప్, అంటే బాడీ మీద అతికించే పొర. అన్నీ కలిపి మూడు లక్షల పైనే పోసాను. పాలసీలో యాక్సెసరీస్ అనే గడి దగ్గర మాత్రం సున్నా, ఎందుకంటే రెన్యువల్ ఆన్‌లైన్‌లో రెండు నిమిషాల్లో కొట్టేస్తాం కదా, ఆ గడి ఎవడు చూస్తాడు.

ఇలాంటి పరిస్థితిలో ఉన్నవాళ్ల కోసమే ఇది. ముందే ఒక మాట అనుకుంటే మిగతాదంతా తేలిక: మాడ్స్ మీద పెట్టిన డబ్బు ఇన్సూరెన్స్ నుంచి రాదు, దాన్ని మర్చిపోండి. కంపెనీ నుంచి తెచ్చిన బండికి ఎంత రావాలో ఆ డబ్బు కోసం మాత్రం గట్టిగా పట్టుబట్టండి. ఈ రెండూ కలిపేసుకుని చాలామంది రెండూ పోగొట్టుకుంటారు.

మొదటి గంటలో చేయాల్సింది. ఎవరికైనా దెబ్బ తగిలితే 112, మిగతావన్నీ తర్వాతే. లేదంటే హజార్డ్ లైట్లు వేసి, బండి కదలకముందే ఫొటోలు తీయండి, రోడ్డు మీద నీళ్లు, టైర్ గుర్తులు, రెయిలింగ్, నంబర్ ప్లేట్, ఓడోమీటర్, నాలుగు చక్రాలు, అన్నీ. మాడ్స్ కనపడకుండా యాంగిల్ చూసుకుని తీయకండి, అది తర్వాత మీ మీదికే వస్తుంది. అక్కడ నిలబడే ఇన్సూరెన్స్ కంపెనీ టోల్‌ఫ్రీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబర్ తీసుకోండి, ఏజెంట్‌కి చెప్పాను కదా అంటే కుదరదు. బండిని రోడ్డు మీద వదిలేసి ఇంటికెళ్లి పడుకోకూడదు, కాపలా లేకుండా వదిలేస్తే ఆ తర్వాత జరిగిన డ్యామేజీ మీదే అని పాలసీ కండిషన్లలో రాసే ఉంటుంది. టోయింగ్‌కి మామూలు పాలసీలో ఇచ్చేది 1,500 రూపాయలే, రోడ్‌సైడ్ అసిస్టెన్స్ తీసుకుని ఉంటే వాళ్లని పిలవండి. రెయిలింగ్ పాడైందని డబ్బులు అడిగితే అక్కడికక్కడే ఒప్పేసుకుని ఇచ్చేయకండి, కంపెనీకి చెప్పకుండా ఇంకొకరికి తప్పు ఒప్పుకోవడం, డబ్బిస్తానని మాటివ్వడం కూడా పాలసీ కండిషన్‌కి విరుద్ధమే. పోలీస్ స్టేషన్‌లో జనరల్ డైరీలో ఎంట్రీ వేయించుకుంటే మంచిది. ఎవరికీ దెబ్బ తగలకపోతే ఎఫ్‌ఐఆర్ అక్కర్లేకపోవచ్చు, కానీ టోటల్ లాస్, అంటే ఇక బాగుచేయించడం దండగ అని తేల్చేలా ఉంటే ఆ డైరీ కాపీ పనికొస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. బండి షెడ్డుకి చేరేలోపే మన బ్యాచ్ దిగుతుంది. నాకైతే ఒకడు పాత స్టాక్ చక్రాలు, అంటే బండితో కంపెనీ నుంచి వచ్చినవి, ఆటోలో వేసుకొచ్చాడు, ఇంకొకడు ల్యాప్‌టాప్ తెచ్చి, మామా సర్వేయర్ వచ్చేలోపు మ్యాప్ స్టాక్‌కి కొట్టేద్దాం, ర్యాప్ పీకేద్దాం, ఏమీ తెలీదు వాడికి అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. కానీ వద్దు. సర్వేయర్ అంటే డ్యామేజీ లెక్కగట్టడానికి ఇన్సూరెన్స్ కంపెనీ పంపే మనిషి, రోజూ గుద్దిన బండ్లే చూసేవాడు, విరిగిన ఫెండర్‌కీ పగలని చక్రానికీ పొంతన లేకపోతే ఒక్క చూపులో పట్టేస్తాడు. ఈసీయూ అనే ఇంజిన్ కంప్యూటర్‌ని మళ్లీ రాసిన ఆనవాలు షోరూమ్ స్కానర్‌కి దొరికే బండ్లున్నాయి. టోయింగ్ వాడి ఫొటోల్లో, టోల్ కెమెరాలో, మీ ఇన్‌స్టాలో పాత బండి అలాగే ఉంటుంది. మాడ్స్ ఉన్న బండి అయితే ఒక గొడవ, దాచిన బండి అయితే మోసం కింద రాస్తారు, అప్పుడు కంపెనీ నుంచి తెచ్చిన బండికి రావాల్సిన డబ్బు కూడా పోతుంది. సర్వే అయ్యేదాకా ఒక్క బోల్టు కూడా విప్పకండి.

సర్వేయర్‌తో ఎలా మాట్లాడాలి అంటే, అడిగినదానికి నిజం, అడగనిదానికి ఉపన్యాసం వద్దు. నేను మాత్రం మొదటి మాటే, సార్, ఇవీ నేను బయట వేయించినవి, వీటికి నేను క్లెయిమ్ అడగట్లేదు, కంపెనీ బండికి ఎంతయితే అంత చూడండి అని ఒక తెల్లకాగితం మీద లిస్టు రాసిచ్చాను. ఆయన ముఖం కొంచెం మెత్తబడింది నిజంగా. స్పీడ్ ఎంత అని అడుగుతారు, గుర్తున్నది చెప్పండి, ఊహించి చెప్పకండి. రేసు ఏమైనా వేసుకుంటున్నారా అని కూడా అడుగుతారు, ఎందుకంటే ప్రైవేట్ కార్ పాలసీలో రేసింగ్‌కి, స్పీడ్ టెస్టింగ్‌కి, అద్దెకి కవర్ ఉండదు, కాబట్టి కోయంబత్తూరు ట్రాక్‌లో గుద్దితే ఈ వ్యాసం మొత్తం మీకు పనికిరాదు. క్లెయిమ్ ఫారం ఖాళీగా సంతకం పెట్టి షెడ్డువాడి చేతిలో పెట్టేయడం మన దగ్గర మామూలే, అది మానేయండి, ప్రమాదం ఎలా జరిగిందో మీ చేత్తో మీరే రాయండి, తెలుగులో రాసినా పర్లేదు.

ఎస్టిమేట్ వేసేటప్పుడు స్టాక్ పార్టుల రేటుకే వేయమనండి. నా బాడీకిట్ బంపర్ ఫైబర్‌ది, దానికి రూపాయి ఇవ్వలేదు, కానీ దాని స్థానంలో కంపెనీ బంపర్ ఎంతో అంతకి లెక్క కట్టమని అడిగితే కట్టారు. దాని మీద తరుగు ఉంటుంది: ప్లాస్టిక్, రబ్బరు, టైర్లు, బ్యాటరీ, ఎయిర్‌బ్యాగ్‌లకి 50 శాతం, ఫైబర్‌కి 30 శాతం, అద్దాలకి ఏమీ ఉండదు, ఇనప పార్టులకి వయసుని బట్టి, ఐదేళ్లు దాటితే 40 శాతం, పదేళ్లు దాటితే 50 శాతం. జీరో డెప్ అనే అదనపు కవర్ ఉంటే ఈ కోతలు చాలావరకు తప్పుతాయి, కానీ జీరో డెప్ ఉంది కాబట్టి మాడ్స్ కూడా వచ్చేస్తాయి అనుకునేవాళ్లున్నారు, రావు. పైగా ఇంజిన్ 1500 సీసీ లోపు అయితే 1,000, పైన అయితే 2,000 ఎక్సెస్ మనమే కట్టుకోవాలి.

టోటల్ లాస్ ఎప్పుడు అంటే రిపేర్ ఖర్చు ఐడీవీలో, అంటే పాలసీలో బండికి రాసిన విలువలో, 75 శాతం దాటినప్పుడు. నా ఐడీవీ 4,80,000, అంటే గీత 3,60,000 దగ్గర. మొదట పైపైన చూసి 3,42,000 అన్నారు, నేను ఒప్పుకోలేదు, విప్పి చూడండి అన్నాను, విప్పితే కింద సబ్‌ఫ్రేమ్ వంగింది, గేర్‌బాక్స్ కేసింగ్ పగిలింది, లెక్క 4,10,000 అయింది. గీతకి దగ్గరగా ఉన్నప్పుడు తొందరపడకండి. ఛాసిస్ వంగిన బండిని అతికించి తెచ్చుకుంటే జీవితాంతం స్టీరింగ్ ఒక పక్కకే లాగుతూ ఉంటుంది, నా అభిప్రాయంలో అలాంటిది టోటల్ లాస్ అవ్వడమే మంచిది.

ఇక వాళ్లు దేన్ని పట్టుకుంటారో చూద్దాం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్, ఆర్‌సీలో ఉన్న వివరాలు మారేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది, అదే ఏడాది సవరణతో ఓనర్‌కి ఒక్కో మార్పుకి 5,000 జరిమానా లేదా ఆర్నెల్ల దాకా జైలు అని పెట్టారు. కాబట్టి అన్ని మాడ్స్ ఒకటి కాదు. సీటు కవర్లు, స్పీకర్లు లాంటివాటితో పెద్దగా గొడవ ఉండదు, ఆ వస్తువులకి డబ్బు రాదు అంతే. రంగు మారడం అంటే ఆర్‌సీతో తేడా, కానీ రంగు వల్ల బండి జారదు కదా, ఆ మాటే వాదించాలి. సీఎన్‌జీ, ఎల్పీజీ కిట్ ఆర్‌సీలో ఎక్కించకుండా బిగించి ఉంటే చాలా కష్టం. సస్పెన్షన్, టైర్ సైజు, ఇంజిన్ పవర్ దగ్గరే అసలు యుద్ధం, ఎందుకంటే ప్రమాదానికి వీటికీ లింకు ఉందని చెప్పడం వాళ్లకి తేలిక.

నాకు మొదట వచ్చిన మెయిల్ ఇదే, బండిలో మార్పులు చెప్పకుండా దాచారు కాబట్టి క్లెయిమ్ తిరస్కరిస్తున్నాం అని రెండు లైన్లు. ఏజెంట్ ఫోన్ చేసి ఇక రాదు సార్ వదిలేయండి అన్నాడు. వదిలేయకండి. ఫోన్‌లో చెప్పిన ‘రాదు’కి విలువ లేదు, ఏ కండిషన్ నంబర్ ప్రకారం, ఏ మార్పు వల్ల, ఆ మార్పుకీ ప్రమాదానికీ సంబంధం ఏంటి అని రాతలో అడగండి, సర్వే రిపోర్ట్ కాపీ కూడా అడగండి, అడిగితే ఇవ్వాలి. 2024 నుంచి ఇన్సూరెన్స్ కంపెనీలని నియంత్రించే సంస్థ ఐఆర్‌డీఏఐ రూల్ ప్రకారం సర్వేయర్ రిపోర్ట్‌కి 15 రోజులు, అది చేతికందాక కంపెనీ తేల్చడానికి 7 రోజులు, ఆ తేదీలు కూడా మెయిల్‌లో గుర్తు చేయండి.

తర్వాత ఇంకో మాట వాడండి, చాలామందికి తెలియదు, ‘నాన్ స్టాండర్డ్ బేసిస్’. ప్రైవేట్ బండిని అద్దెకి తిప్పారని కంపెనీ క్లెయిమ్ మొత్తం కొట్టేసిన అమలేందు సాహు కేసులో 2010లో సుప్రీంకోర్టు, కండిషన్ ఉల్లంఘించారని మొత్తం ఎగ్గొట్టడం కుదరదు, నాన్ స్టాండర్డ్‌గా సెటిల్ చేయాలి అంది. ఆ పద్ధతిలో ఇవ్వాల్సిన మొత్తంలో 75 శాతం దాకా ఇస్తారు. మాడిఫికేషన్ కేసుకి అది అచ్చంగా అతుకుతుందని గ్యారంటీ లేదు, కానీ వాదనకి బలం. నేను కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి దీని మీదే రాశాను, ర్యాప్, ఆడియో, రీమ్యాప్ వల్ల బండి నీళ్ల మీద జారదు అని ఒక్కొక్కటీ విడదీసి రాశాను. టైర్ల సంగతి మాత్రం నేను లాగలేదు, వెడల్పు టైర్లు, అరిగి ఉన్నాయి, నాకే తెలుసు.

గ్రీవెన్స్‌లో నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఏడాదిలోపు ఇలాంటి ఫిర్యాదులు తేల్చే అధికారి, ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. 50 లక్షల దాకా చూస్తారు, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, తెలంగాణ, ఆంధ్రా రెండింటికీ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. అక్కడ ఇచ్చిన తీర్పు కంపెనీని కట్టేస్తుంది, మనల్ని కట్టదు, నచ్చకపోతే కన్జ్యూమర్ కమిషన్‌కి పోవచ్చు. ఈ లోపు ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్‌లో కంప్లైంట్ పెడితే కంపెనీలో ఫైలు కొంచెం కదులుతుంది. సెటిల్‌మెంట్‌కి ఒప్పుకున్నట్టు రాసిచ్చే డిశ్చార్జ్ వోచర్ మీద ‘ఫుల్ అండ్ ఫైనల్’ అని సంతకం పెట్టేశాక ఈ దారులన్నీ ఇరుకైపోతాయి, కాబట్టి ఒప్పుకునేలా ఉంటేనే పెట్టండి.

ఇంకొకరికి దెబ్బ తగిలి ఉంటే కథ వేరు, అప్పుడు ఇన్సూరెన్స్ ఏజెంట్ కంటే ముందు లాయర్‌ని కలవండి. రవాణా శాఖ ఇన్‌స్పెక్టర్, ఎంవీఐ, వచ్చి బండి చూసి రిపోర్ట్ రాస్తాడు, అందులో మాడ్స్ ఎక్కుతాయి. దెబ్బ తగిలినవాళ్లకి థర్డ్ పార్టీ కింద ట్రిబ్యునల్ డబ్బు ఇప్పిస్తుంది, మాడిఫై చేశారు అన్న సాకుతో కంపెనీ వాళ్లకి ఎగ్గొట్టడం తేలిక కాదు. కానీ కట్టేసి, తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకోండి అని కోర్టులు చెప్పిన సందర్భాలున్నాయి, అది మన మెడకి.

నాది చివరికి ఇలా తేలింది. తుక్కుకి వచ్చిన రేటు 1,20,000, ఎక్సెస్ 1,000, ఐడీవీలోంచి అవి తీసేస్తే 3,59,000, అందులో నాన్ స్టాండర్డ్ కింద 75 శాతం అంటే 2,69,250 కంపెనీ నుంచి, తుక్కు కొన్నవాడి దగ్గర 1,20,000. అంబుడ్స్‌మన్ దాకా వెళ్లొచ్చేమో, కానీ టైర్లు గుర్తొచ్చి సంతకం పెట్టేశాను. బ్యాంకు లోన్ ఉంటే ఈ డబ్బు ముందు బ్యాంకుకే పోతుంది, మిగిలితేనే మనకి, లోన్ తీరినట్టు బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 అప్పుడే అడిగి తీసుకోండి.

సర్వే అయిపోయి, టోటల్ లాస్ అని రాతలో వచ్చాక మాడ్స్ విప్పుకోవడం తప్పు కాదు, వాటికి వాళ్లు డబ్బివ్వలేదు కాబట్టి అవి మనవే. కానీ తుక్కు రేటు ఫొటోలు చూసి వేసి ఉంటారు, అందులో అల్లాయ్స్ ఉండి ఉంటాయి, అందుకే విప్పేముందు ఏవేవి తీసుకుంటున్నానో మెయిల్ పెట్టి ఒప్పించుకుని, పాత స్టాక్ చక్రాలు వేసిచ్చాను (ఆటోలో వచ్చిన ఆ చక్రాలే, ఇప్పుడు పనికొచ్చాయి). కాయిలోవర్లు, ఆంప్లిఫయర్ అమ్మితే ఒక 70 వేలు వచ్చాయి.

చివరి జాగ్రత్త బండి అప్పగించేటప్పుడు. తుక్కు కొనేవాడు బండిని ఇంకొకరి పేరు మీదికి మార్చే ఫారం 29, 30 ఖాళీవి సంతకం పెట్టిమ్మంటాడు, పేరు, తేదీ రాయకుండా ఇవ్వకండి, వాడి ఆధార్ కాపీ, డబ్బు బ్యాంకులో పడిన రుజువు, అప్పగించిన తేదీ టైముతో ఒక కాగితం ఉంచుకోండి. ఇలాంటి బండి ఛాసిస్ నంబర్ తీసుకెళ్లి దొంగ బండి మీద కొట్టి తిప్పే ముఠాలు ఉన్నాయి, అప్పుడు పోలీసులు వచ్చేది ఆర్‌సీలో పేరున్నవాడి ఇంటికే. నాది రెండు నెలల తర్వాత కూడా ఎంపరివాహన్ యాప్‌లో నా పేరు మీదే చూపించింది, వాడికి ఫోన్ చేస్తే రేపు ఎల్లుండి అన్నాడు, చివరికి ఆ కాగితాలన్నీ పట్టుకుని నేనే ఆర్‌టీఓకి వెళ్లి బండి అప్పగించినట్టు రాసిచ్చి ముద్ర వేయించుకొచ్చాను.