ఎలక్ట్రిక్‌గా మార్చే బండికి ప్రీఛార్జ్ రెసిస్టర్ మరవకండి

పాత పెట్రోల్ బండిని 72 వోల్టుల బ్యాటరీకి మారుస్తున్నారా? మోటారు ఎంపికకి నెలలు తీసుకునేవాళ్లు కూడా ప్రీఛార్జ్ రెసిస్టర్ అనే ఈ చవక భాగాన్ని వదిలేస్తారు. మెయిన్ స్విచ్ పడేముందు కెపాసిటర్లని మెల్లగా నింపేది ఇదే.

మోటారుని నడిపే కంట్రోలర్ లోపలి కెపాసిటర్లు (ఛార్జ్ నిలవ ఉంచే భాగాలు) ఖాళీగా ఉండగా కాంటాక్టర్, అంటే బ్యాటరీని కలిపే పెద్ద రిలే స్విచ్, ఆన్ అయితే క్షణంపాటు వందల ఆంపియర్లు దూసుకెళ్తాయి. కాంటాక్టర్ లోపలి పాయింట్లు కరిగి అతుక్కుంటాయి. ఇక తాళంచెవి తీసినా బ్యాటరీ తెగదు, అసలు ప్రమాదం అది.

కాంటాక్టర్ రెండు టెర్మినళ్ల మధ్య 100 ఓమ్‌లు, 10 వాట్ల సిరామిక్ వైర్‌వౌండ్ రెసిస్టర్‌ని చిన్న రిలే ద్వారా కలపండి. హెడ్‌లైట్ రిలే వద్దు. 100 వోల్టుల డీసీకి తగ్గని రేటింగ్ ఉన్నది తీసుకోండి. ఆ లైను మెయిన్ ఫ్యూజు తర్వాతే మొదలవ్వాలి. కెపాసిటర్లు 2000 మైక్రోఫారడ్లయితే ఒక సెకనులో దాదాపు నిండుతాయి. కాంటాక్టర్‌ని ఆలస్యంగా ఆన్ చేసే టైమర్‌ని 2 సెకన్లకి పెట్టండి.

కెపాసిటర్ల వోల్టేజీ సగంలోనే ఆగి, రెసిస్టర్ కాలిపోతోందా? చాలాసార్లు దొంగ లైట్లు, హారన్ లాంటివాటికి 72 వోల్టులని 12కి తగ్గించే డీసీ-డీసీ కన్వర్టరే: అదే లైను మీద ఉండి కరెంటు లాగేస్తుంటుంది. కాంటాక్టర్ పడ్డాకే అది ఆన్ అయ్యేలా వైరింగ్ మార్చండి. రెసిస్టర్ విలువ తగ్గించడం దీనికి మందు కాదు.

ఆఫ్ చేశాక కూడా కెపాసిటర్లలో ఛార్జ్ మిగిలుంటుంది. మల్టీమీటర్ పెట్టి చూడకుండా కంట్రోలర్ టెర్మినళ్ల మీద చెయ్యి వెయ్యొద్దు.