యంత్రం గీసిన డిజైన్‌కు మార్కులు వేయడం – 4వ పాఠం: సున్నా వస్తే నమ్మకండి

గత పాఠంలో ఎల్ ఆకారపు బ్రాకెట్‌ను (బరువు మోసే లోహపు ముక్క) జనరేటర్‌తో, అంటే డిజైన్లను తనే గీసే ప్రోగ్రాముతో గీయించి, ఒత్తిడి ఎంత తగ్గితే అంత మంచి మార్కు అనుకున్నాం. మీరు పంపిన ర్యాంకుల జాబితాలన్నీ చూశాను. చాలావాటిలో మొదటి ర్యాంకు వచ్చింది అసలు నిలబడని డిజైన్లకే. కొన్నిటిలో బోల్టు రంధ్రానికీ బరువు పడే అంచుకూ మధ్య లోహమే లేదు!

జరిగిందేమిటంటే, ఆ డిజైన్లకు సిమ్యులేషన్ (ఒత్తిడిని లెక్కగట్టే కంప్యూటర్ పరీక్ష) మధ్యలో ఆగిపోయింది. ఫలితం రావాల్సిన గడి ఖాళీగా మిగిలింది. ఆ ఖాళీని మార్కులు వేసే మీ స్క్రిప్టు సున్నాగా చదివింది. సున్నా ఒత్తిడి అంటే మన లెక్కలో ఫస్టు. మంచి మార్కు వచ్చినవాటి నుంచే కొత్తవి గీస్తుంది కాబట్టి, ఆ సందు దొరికాక జనరేటర్ అటే పోయింది, తరం తర్వాత తరం అవే పెరిగాయి. అందుకే మీ స్క్రిప్టుకు మూడు జవాబులు ఉండాలి: పాసు, ఫెయిలు, కొలవలేకపోయాం. మూడోదానికి అంకె ఇవ్వకండి, ర్యాంకుల్లోకి రానివ్వకండి. ముక్కలన్నీ కలిసే ఉన్నాయా అన్నది సిమ్యులేషన్‌కు ముందే చూసుకోండి.

ఇక ఎల్ ఆకారంలో రెండు చేతులు కలిసే లోపలి మూల. ఎన్నిసార్లు చెప్పినా ఈ తప్పు తిరిగొస్తోంది కాబట్టి వివరంగా చెబుతాను. ఆ మూల పదునుగా 90 డిగ్రీల్లో ఉంటే, లీనియర్ ఎలాస్టిక్ లెక్కలో (బరువు ఎంత పెరిగితే లోహం అంత సాగుతుందనుకునే లెక్క) అక్కడి ఒత్తిడికి అంతు లేదు. మెష్ (లెక్క కోసం బ్రాకెట్‌ను చిన్న గడులుగా విడగొట్టిన వల) గడిని సగం చేసినప్పుడల్లా గరిష్ఠ విలువ సుమారు 37 శాతం పెరుగుతుంది. 4 మి.మీ. గడికి 180 మెగాపాస్కల్ (ఒత్తిడి కొలిచే ప్రమాణం) వచ్చిందనుకోండి, 2 మి.మీ.కి 247, 1 మి.మీ.కి 338 వస్తుంది. హద్దు 250 అయితే, అదే బ్రాకెట్ ముందు పాసు, తర్వాత ఫెయిలు. మెష్ ఇంకా సన్నం చేస్తే అసలు విలువ తేలుతుందనుకోవడం ఇక్కడ కుదరదు. ఆ మూలను లెక్కలోంచి తీసేయడం ఇంకా ప్రమాదం, పగులు మొదలయ్యేది అక్కడే. మూలకు ఫిల్లెట్ (పదును లేకుండా గుండ్రంగా చేసిన వంపు) తప్పనిసరి చేయండి. ఫిల్లెట్ మీది ఒత్తిడి రెండు మెష్‌లలో 5 శాతం లోపు తేడాతో రావాలి. రాకపోతే అది 'కొలవలేకపోయాం' కిందికే.

బరువు, ఒత్తిడి, వంగుడు కలిపి ఒకే మార్కు చేయడం నాకు ఇష్టం లేదు. బరువు బాగా తగ్గిందన్న పేరుతో విరిగిపోయే డిజైన్ పైకొచ్చేస్తుంది. ముందు ఒత్తిడి, వంగుడు హద్దుల్లోపే ఉండాలి, ఆ తర్వాతే బరువు.

2006లో నాసా ఎస్‌టీ5 అనే చిన్న ఉపగ్రహాలతో ఎగిరిన యాంటెన్నా కూడా ఎవల్యూషనరీ అల్గారిథమ్ (మంచి డిజైన్లను ఏరి, మార్చి, తరతరాలుగా మెరుగుపరిచే ప్రోగ్రాము) గీసినదే. తయారీలో కొలతలు కొంచెం తప్పినా పనిచేయాలని, వెతికేటప్పుడే తీగ కొలతలను అటూ ఇటూ కదిపి మార్కులు వేశారు. మీరూ అదే చేయండి. మొదటి 10 డిజైన్లలో ప్రతి కొలతనూ 0.2 మి.మీ. లోపు యాదృచ్ఛికంగా కదిపి, ఒక్కోదాన్ని 30 సార్లు నడపండి. సగటు వద్దు, అన్నిటికన్నా చెడ్డ ఫలితం రాయండి. దాని ప్రకారం తయారైన కొత్త ర్యాంకుల జాబితా పంపండి.