దక్కన్ మ్యాప్ పిల్లోళ్ళ చేత గీయించేదెట్టా

ముందు కింద కన్యాకుమారి చుక్క పెట్టించండి, ఎడమ పక్క అరేబియా సముద్రం, కుడి పక్క మన బంగాళాఖాతం, పైన నర్మద గీత, త్రికోణం వచ్చేస్తాది. దక్కన్ అనే పేరు సంస్కృతం దక్షిణ నుంచే, అదొక్కటి చెప్పి ముందుకి పోండి. ముఖ్యమైంది కనుమలు. పడమటివి లావుగా వరసగా గీయించండి, తూర్పువి ముక్కలు ముక్కలుగా, ఎందుకంటే నేల పడమర ఎత్తు తూర్పుకి వాలు, ఆ వాలులో దిగొచ్చే నదులే తూర్పు కొండల్ని కోసేశాయి, గోదావరి చూడండి, నాసిక్ పక్కన త్రయంబకంలో పుట్టి కూడా 1465 కిలోమీటర్లు ఇటే వస్తాది. మన పెన్నని మాత్రం నంది కొండల నుంచి సోమశిల, నెల్లూరు మీదుగా సముద్రం దాకా నిదానంగా గీయించండి, సొంత ఏరు గీస్తే మిగతావి మర్చిపోరు. నర్మద, తపతి పడమరకి పోతాయి కాబట్టి వాటికి వేరే రంగు.